కోళ్ళ మందు

"నా పుంజుల మందు ఎవరు మింగార్రా?"

పెరట్లోంచి బెర్తింగ్ పెట్టిన కేకకు, కాళ్ళకు తాళ్ళు కట్టేసిన పుంజులు కూడా ఉలిక్కిపడి రెక్కలు కొట్టుకున్నాయి. వంటింట్లో ఎండుచేపలు వేయిస్తున్న రొవేనా మాత్రం తల తిప్పలేదు. ఈ ఇంట్లో మామగారు గొంతెత్తేది పుంజుకు జలుబు చేసినప్పుడో, పుంజు చచ్చినప్పుడో. ఆరో నెల కడుపుతో కోడలు మెట్ల మీద కాలు జారిన రోజున ఆయన నోట్లోంచి చుట్ట తియ్యలేదు.

"నిన్నే అమ్మాయ్! గూళ్ళ పక్కన రేకు డబ్బాలో పెట్టాను. పసుప్పచ్చ గొట్టం మాత్రలు. డబ్బా ఉంది, మాత్రల్లేవు. సర్దుతున్నానని ఎక్కడ పారేశావో చెప్పు."

"మీ డబ్బా నేను ముట్టుకోను మామయ్యా. ముట్టుకుంటే మళ్ళీ స్నానం చెయ్యాలి."

"మరి కాళ్ళొచ్చి నడిచిపోయాయా? ఆదివారం పందెం. నా ఎర్రవాడు తుమ్ముతున్నాడు. బరిలోకి దిగి ఎదుటివాడి మొహం మీద తుమ్మమంటావా?"

ముందుగదిలో వెదురు బల్ల మీద పడుకున్న అర్నుల్ఫో లేచి కూర్చున్నాడు. తండ్రి అరిస్తే తనూ ఓ కేక కలిపి ఇంటిని సంత చెయ్యడం అతని అలవాటు. ఇవాళ కిక్కురుమనకుండా దుప్పటి మడతపెడుతున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ చేతులు దుప్పటి మడతపెట్టడం రొవేనా ఎన్నడూ చూడలేదు. పొయ్యి ఆర్పేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆ వెదురు బల్ల ఇప్పుడు ఊళ్ళో పుణ్యక్షేత్రం. వార్డు మెంబరు అర్నుల్ఫో గారు భార్య పక్కన పడుకోవడం మానేసి, ఊరు కొలిచే పునీతుడు శాన్ రోకె తిరునాళ్ళ దాకా దాని మీదే పడుకుంటానని మొక్కుకున్నారు మరి. కడుపులో బిడ్డ క్షేమంగా బయటపడాలని ఒంటిని అదుపులో పెట్టుకున్నారట. చర్చిలో ఆడవాళ్ళు అతన్ని చూసి కళ్ళొత్తుకున్నారు. అదే కళ్ళతో రొవేనాని చూసి, ఈమె ఎంత ఆత్రగత్తె కాకపోతే పాపం అతను అంత దూరం వెళ్ళాడూ అన్నట్టు మూతులు విరిచారు.

దానికి ముందు సంగతి ఎవరికీ గుర్తు లేదు. చెత్త ఎలా ఏరాలో నేర్చుకుంటామని ఊరి పెద్ద అయిన కెప్టెన్‌తో సహా మెంబర్లంతా కట్టగట్టుకుని, సముద్రం దాటి, పక్క దీవిలోని హోటళ్ళ ఊరికి వెళ్ళొచ్చారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అధ్యయన యాత్ర. వచ్చాక ఊళ్ళో ఒక్క చెత్తబుట్ట కొత్తగా వెలవలేదు. కొన్ని వారాలకు అర్నుల్ఫోకి మాత్రం భక్తి పుట్టుకొచ్చింది.

దుప్పటి మడతలోంచి ఏదో జారి నేల మీద దొర్లింది. నేలంటే వెదురు బద్దలే. బద్దల సందులో పడి కిందికి పోయేలోపు రొవేనా కాలి బొటనవేలు దాని మీద వేసింది. వంగి తీసే ఓపిక లేదు. పాదం పక్కకు జరిపి చూపించింది. పసుప్పచ్చ గొట్టం మాత్ర.

"తీసుకో, నుల్ఫో. నీ ఫలహారం."

"అది... నాన్నది. కింద పడితే..."

"నీ దుప్పట్లో పడిందా? నీకూ తుమ్ములొస్తున్నాయా?"

"మెల్లిగా మాట్లాడు."

"ఎందుకు? పుంజులు వింటాయనా?"

అతని కళ్ళు కిటికీ మీద, గోడ మీద, శాన్ రోకె పటం మీద తిరిగాయిగానీ ఆమె మీద మాత్రం వాలలేదు. ఆ పటం వైపు రొవేనా కూడా చూసింది. ఊళ్ళో పిల్లల కోసం మొక్కుకునేవాళ్ళు బాల యేసుకు మొక్కుకుంటారు. ఈయన శాన్ రోకెను ఎందుకు పట్టుకున్నాడా అని ఆమెకు మొదట్నుంచీ వింతగానే ఉంది. పటంలో ఆయన అంగీ అంచు పైకెత్తి, తొడ మీది పుండును వేలితో చూపిస్తున్నాడు, పక్కన కుక్క నిలబడి ఉంది.

ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది.

"ఎక్కడుంది పుండు?"

"ఏ పుండు?"

"నువ్వు రోజూ ఎవరి ముందు మోకరిల్లి ఏడుస్తున్నావో ఆయనకుంది చూడు, అలాంటిది. ఎక్కడ?"

నుల్ఫో బల్ల మీద కూలబడ్డాడు. మీటింగుల్లో మైకు దొరికితే వదలని మనిషి బల్ల బద్దలు గోకుతూ కూర్చున్నాడు.

"ఉండేది," అన్నాడు చివరికి. "ఇప్పుడు లేదు. మానిపోయింది. నొప్పి కూడా ఉండేది కాదు. కావాలంటే చూడు."

"నాకు చూపించకు. చూసింది చాలు."

"ఒక్కసారే రొవేనా. దేవుడి తోడు. పాటలు పాడే గదికని తీసుకెళ్ళారు. అందరూ వెళ్ళారు. అందరూ తాగారు. నేనొక్కణ్ణే వద్దంటే ఏమనుకుంటారు?"

"అందరూ సముద్రంలో దూకితే?"

"అది వేరు."

"అవును, వేరే. దూకితే ఒక్కడివే పోయేవాడివి." ఆమె గోడకు ఆనుకుంది. నడుం లాగుతోంది. "పేరేంటి ఆమెది?"

"తెలీదు."

"పేరడిగే తీరిక లేదు గానీ మిగతాదానికి ఉంది. సరే. కోళ్ళ మందు సంగతి నీకెవరు చెప్పారు?"

"కెప్టెన్. ఆయన కూడా అదే వాడాడట. మనుషుల మందు కావాలంటే డాక్టరు చీటీ అడుగుతారు, కోళ్ళ మందుకు ఎవరూ ఏమీ అడగరు అన్నాడు."

ఊరి పెద్దలందరూ చెత్త గురించి చదువుకోవడానికి వెళ్ళి, కోడిపుంజుల వైద్యం నేర్చుకుని వచ్చారన్నమాట. రొవేనాకి నవ్వు రాబోయి ఆగిపోయింది. నవ్వు వెనకే భయం వచ్చింది.

"మింగాక కూత కూడా వస్తోందా?"

"వెటకారం తర్వాత. మందు పనిచేసింది. నా మాట విను. పుండు పోయింది."

"ఎప్పుడు చూశావు దాన్ని మొదట?"

"మొక్కుకోకముందు."

"మొక్కుకోకముందు అంటే? చూసిన రోజే మొక్కుకున్నావా?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"నుల్ఫో, నా మొహం చూడు. అది చూశాక కూడా నా పక్కకొచ్చావా?"

కింద ఇంటి నీడలో కోళ్ళు గీరుకుంటున్న చప్పుడు బద్దల సందుల్లోంచి పైకి వస్తోంది. నుల్ఫో మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలెట్టాడు.

"చెమటపొక్కు అనుకున్నాను," అన్నాడు.

రొవేనా రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది. పెళ్ళయ్యాక హాంకాంగులో ఎవరి పిల్లలకో స్నానాలు చేయిస్తూ ఏళ్ళు గడిపింది. తిరిగొచ్చాక ఈ బిడ్డ కోసం ఎదురుచూసింది. గర్భిణుల క్లాసులో నర్సమ్మ నొప్పి లేని పుండు గురించి, అది కడుపులో బిడ్డదాకా పాకడం గురించి చెబుతుంటే, మనకెందుకులే ఈ పాఠం అని విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది.

"నేను హెల్త్ సెంటరుకి వెళ్తున్నాను. నువ్వూ రా. పరీక్ష చేయించుకో."

అతను ఒక్క ఉదుటున లేచాడు. "పిచ్చా నీకు? అక్కడ డాక్టరెవరు? లెతీ అక్క! మా పెద్దమ్మ కూతురు! తిరునాళ్ళకి శాన్ రోకె విగ్రహాన్ని భుజం మీద మోసేది నేను. ఆ తర్వాత ఎలక్షన్లు. ఇది బయటికి పొక్కితే నేను చచ్చినట్టే."

"బిడ్డ చస్తే?"

"అలా ఏం కాదు. నేను మొక్కుకున్నాను కదా!"

రొవేనా అతని మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు, నటన కాదు. తన అబద్ధాన్ని తనే నమ్మేశాడు. మొగుడు కొట్టేవాడో, తాగుబోతో అయితే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. ఇలాంటి వాణ్ణి ఏం చెయ్యాలో తెలీలేదు. అసహ్యం వేసింది, అంతే.

అప్పుడే అత్తగారు చోలింగ్ మెట్లెక్కి వచ్చింది. చేతిలో గోధుమరంగు అంగీ, నోట్లో గుండుసూదులు. కొడుకు తిరునాళ్ళనాడు తొడుక్కోవాల్సిన మొక్కు అంగీ అది. దాన్ని ఆమె చర్చి అరుగు మీద పదిమందీ చూసేలా కూర్చుని కుడుతోంది.

"తోతో, చేతులు చాపు నాన్నా, కొలత చూడాలి," అంది కొడుకును ముద్దుపేరుతో పిలుస్తూ. ఇద్దరి మొహాలూ చూసి గుండుసూదులు తీసేసింది. "ఏమైంది? పొద్దున్నే వీణ్ణి ఏడిపిస్తున్నావా అమ్మాయ్? మొక్కులో ఉన్న మనిషిని కష్టపెడితే బిడ్డకు మంచిది కాదు. నీ కిటికీకి టేకుచేప తోక కట్టి, నీ తలగడ కింద వెల్లుల్లి పెట్టి, అస్వాంగ్ కన్ను పడకుండా నేను కాపలా కాస్తున్నాను. నీకేమో నోరు ఊరుకోదు."

అస్వాంగ్ అంటే చోలింగ్‌కి హడల్. పగలు మామూలు ఆడదానిలా తిరిగి, చీకటి పడ్డాక కడుపుతో ఉన్నవాళ్ళ ఇంటి కప్పెక్కి, సన్నటి నాలుక దింపి బిడ్డను పీల్చుకుపోతుందని ఆమె నమ్మకం. నుల్ఫో తర్వాత ఆమెకు పుట్టిన ఇద్దరూ ఊపిరి లేకుండానే పుట్టారు. అది తిబుర్సియా అనే మంత్రసాని పనేనని అప్పట్లో ఊరంతా తేల్చింది. తిబుర్సియా గుడిసె మీద రాళ్ళు పడితే, పిల్లను చంకనేసుకుని ఊరొదిలి పోయింది.

"అత్తయ్యా, మీ అబ్బాయికి మొక్కు లేదు, సుఖరోగం ఉంది," అంది రొవేనా. "యాత్రలో తెచ్చుకున్నాడు. దాచుకోవడానికి బల్లెక్కాడు. మామయ్య కోళ్ళ మందు మింగుతున్నాడు."

చోలింగ్ చేతిలోని అంగీ కిందపడలేదు. ఇంకా గట్టిగా గుండెకు హత్తుకుంది.

"నోరు ముయ్యి! వాడు మెంబరు. వాడి ముందు కెప్టెన్ కూడా గట్టిగా మాట్లాడడు."

"మాట్లాడడు. ఆయన నోట్లోనూ మాత్రే ఉంది."

"తోతో, చెప్పరా. అబద్ధమని చెప్పు."

తోతో గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. తల్లికి జవాబు దొరికింది. దొరకగానే దాన్ని ఎవరి నెత్తిన రుద్దాలో వెతికింది.

"వాడు తెచ్చాడని నీకేం తెలుసు? హాంకాంగులో ఏళ్ళకేళ్ళు ఉండొచ్చినదానివి. అక్కడ ఆదివారాలు ఏం చేశావో మేం చూశామా? నీ దగ్గర్నుంచే వాడికి అంటుకుందేమో!"

"నేనొచ్చి నాలుగేళ్ళు. ఆ రోగం ఇంటికి దారి తెలీక ఇన్నాళ్ళూ రేవులో కూర్చుందా? మొదటి నెలల్లో నాకు అన్ని పరీక్షలూ చేశారు. ఏమీ లేదని మీ లెతీయే చెప్పింది, మీరు పక్కనే ఉన్నారు."

చోలింగ్ అంగీ అంచులో గుండుసూది గుచ్చింది.

"అయినా ఇప్పుడు హెల్త్ సెంటరుకి ఎందుకు వెళ్ళడం?" అన్నాడు నుల్ఫో, తల్లి రాకతో కాస్త ధైర్యం వచ్చి. "పట్నంలో, తెలీనిచోట చూపించుకుంటాను. తిరునాళ్ళయ్యాక. కావాలంటే ఈమెకు కూడా రెండు మాత్రలిస్తాను."

"కోళ్ళవా?" అంది రొవేనా.

మెట్ల దగ్గర ఎవరో గలగల నవ్వారు. చంకలో ఎర్ర పుంజుతో బెర్తింగ్ వచ్చి నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో ఏమో, మొహంలో కోపం పోయి కులాసా వచ్చింది.

"దొంగ దొరికాడన్నమాట! ముందే చెప్పుంటే ఇంకో డబ్బా తెచ్చేవాణ్ణి కదరా. ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా? మగాడన్నాక ఇలాంటివి జలుబు లాంటివి. నెగ్రోస్ దీవిలో చెరుకు కోతలకు వెళ్ళినప్పుడు మా జట్టులో ఎవడికి రాలేదు? కోళ్ళ మందు నాలుగు పూటలు వేసుకుంటే మాయం. పుంజులకూ మాకూ ఒకటే డబ్బా!"

పుంజు మెడ నిమురుతూ ఇంకోసారి నవ్వాడు. ఆ నవ్వుకు ఎవరూ తోడు రాలేదు.

"నీకొచ్చిందా?" అంది చోలింగ్.

"ఏంటి?"

"ఆ పుండు. నీకొచ్చిందా?"

"అబ్బా, ఎప్పటి మాట! వచ్చింది, పోయింది."

"ఏ కోతలప్పుడు?"

"ఎవడికి గుర్తుంటుంది? ఏడాదికోసారి వెళ్ళేవాణ్ణి."

"నుల్ఫో పుట్టకముందా, పుట్టాకా?"

బెర్తింగ్ నవ్వు సగంలో ఆగింది. పుంజు తోక ఈకలు సరిచెయ్యడం మొదలెట్టాడు. ఈకలు బాగానే ఉన్నాయి.

"వీడు పుట్టాకే అనుకుంటా. అప్పుడు వీడు పాకుతున్నాడు. అయినా దానికీ దీనికీ..."

చోలింగ్ భర్తను చూస్తూ నిలబడింది. ఈ అత్తగారిని రొవేనా ఏనాడూ ప్రేమించలేదు. ఆమె గొప్పలన్నా, గుండుసూదులన్నా, వెల్లుల్లి అన్నా ఒళ్ళు మంట. ఇప్పుడు ఆమె మొహంలో జరుగుతున్నది చూడలేక పక్కకు తిరిగింది.

చోలింగ్ గొంతు వినిపించింది, ఎవరితోనూ అననట్టు. "తిబుర్సియా గుడిసె మీద మొదటి రాయి నేనే వేశాను."

"ఆ పాత గోలంతా ఇప్పుడెందుకే?" అన్నాడు బెర్తింగ్.

ఆమె వినలేదు. మొక్కు అంగీని వెదురు బల్ల మీద పడేసి గదిలోకి వెళ్ళింది. చర్చికి వేసుకునే చెప్పులు వేసుకుని, గొడుగు పట్టుకుని బయటికొచ్చింది.

"పద, రొవేనా."

"అమ్మా, ఎక్కడికి? ఇవాళ గర్భిణుల రోజు! ఊరంతా అక్కడే ఉంటుంది!" నుల్ఫో మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

చోలింగ్ గొడుగు మొన అతని పొట్టకు ఆనించింది. గట్టిగా పొడవలేదు. అతను తప్పుకున్నాడు.

హెల్త్ సెంటరు అరుగు మీద ఆడవాళ్ళు కిటకిటలాడుతున్నారు. చర్చిలో ముందు వరసలో కూర్చునేవాళ్ళే సగం మంది. "మెంబరు గారి మొక్కు ఎలా సాగుతోంది?" అని ఒకామె భక్తిగా అడిగింది. "బాగా పండింది," అంది రొవేనా.

నుల్ఫో మోటారుసైకిలు మీద వెనకే వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు బయట చేప ఉండలు వేయించేవాడి బండి వెనక, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఎవరూ గుర్తుపట్టరనుకుంటూ నిలబడ్డాడు. ఇంతకు ముందు ఎలక్షన్లలో అదే టోపీ ఊరంతటికీ పంచింది తనే. దాని మీద తన పేరుంది.

లోపల డాక్టరు లెతీసియా తలుపు వేసింది. రొవేనా ఉన్నది ఉన్నట్టు చెప్పింది, యాత్ర, పుండు, కోళ్ళ మందు, చెమటపొక్కు. చెబుతుంటే సిగ్గు తనకెందుకు కలగాలో తెలీక కోపం వచ్చింది. లెతీసియా మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. రొవేనా వేలు పొడిచి, చిన్న పలక మీద రక్తపు చుక్క వేసి, పైన మందునీళ్ళు చుక్కలుగా వదిలింది.

"సిఫిలిస్ ఉంటే రెండు గీతలు. లేకపోతే ఒకటి. కాసేపు ఆగాలి."

కాసేపు ఎంతసేపో రొవేనాకి తెలీలేదు. బిడ్డ ఓసారి కదిలింది. ప్రతి కదలికనూ ఇప్పుడు అనుమానంగా వింటోంది. అది నొప్పా, ఆటా అని. ఈ అనుమానం పెట్టినందుకు వాణ్ణి జన్మలో క్షమించకూడదనుకుంది.

ఒకటే గీత వచ్చింది.

కిటికీ అద్దాల సందులో టోపీ కనిపించింది. "ఒకటేగా? ఒకటే కదా అక్కా?" అంటూ నుల్ఫో గిరుక్కున తిరిగి తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. మొహం పండగలా ఉంది. "చెప్పానా? నేను చెప్తే వింటేగా! అనవసరంగా ఊరంతా తిరిగి..."

"నోరు మూసుకుని వినరా," అంది లెతీసియా. "ఇది ఇవాళ్టి మాట. ఒంట్లో చేరాక రక్తంలో తేలడానికి వారాలు పడుతుంది. ఈమెకు చేరిందో లేదో ఈ గీత ఇప్పుడే చెప్పలేదు. నీ రక్తం చెబుతుంది. నీకుంటే, ఈమె రెండో గీత కోసం నేను కాచుక్కూర్చోను, ఇవాళే సూది వేస్తాను. అదే మందు బిడ్డనూ కాపాడుతుంది. కూర్చో. ఒక్క చుక్క చాలు."

నుల్ఫో చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు, బెత్తం చూసిన బడిపిల్లాడిలా.

"నాకెందుకక్కా? ఆమెకు ఏమీ లేదుగా. నాదీ మానిపోయింది."

"అది మందు లేకపోయినా మానుతుంది. పైన మాని లోపలికి పోతుంది. ఆ కోళ్ళ మందు దాన్ని పూర్తిగా చంపిందనే నమ్మకం లేదు. కూర్చో."

"తిరునాళ్ళు కానీ. ఒట్టు, మర్నాడే వస్తాను."

"ముందు నాది చూడు లెతీ," అంది చోలింగ్.

అందరూ ఆమె వైపు తిరిగారు. మూలనున్న స్టూలు మీద కూర్చుని, ఎండిన చెయ్యి బల్ల మీద చాపింది. కుట్టుసూది గుచ్చుకుని గుచ్చుకుని వేలి కొస గట్టిపడింది. లెతీసియా రెండుసార్లు పొడిస్తే గానీ రక్తం రాలేదు.

"పిన్నీ, నీకెందుకు ఇది?"

"చూడమన్నాను కదా."

చూశారు. మొదటి గీత వచ్చింది. దాని పక్కన, రొవేనా పలక మీద ఖాళీగా ఉన్న చోట, రెండోది మెల్లగా తేలింది. సన్నగా, గులాబీ రంగులో, ఏ అనుమానానికీ తావు లేకుండా.

చోలింగ్ దాన్ని చూస్తూ అడిగింది. "నా పిల్లలిద్దరూ దీనివల్లేనా?"

లెతీసియా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆ మాట నేను చెప్పలేను పిన్నీ. ఎప్పుడో ఒకప్పుడు నీ ఒంట్లోకి వచ్చిందనే ఈ గీత చెబుతుంది. ఇంకో పరీక్ష చేసి నీకూ మందు మొదలెట్టాలి. పిల్లల సంగతి... అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు."

"అప్పుడు ఎవరైనా ఒక సూది వేసుంటే?"

"దీనివల్లే అయితే... బతికుండేవాళ్ళేమో."

చోలింగ్ తల ఊపింది. ఏడవలేదు. కొడుకు వైపు తిరిగింది.

"కూర్చోరా."

"అమ్మా..."

"నీ తమ్ముణ్ణీ నీ చెల్లెల్నీ పాతిపెట్టిన చేతులివి. కూర్చో."

నుల్ఫో స్టూలును చూశాడు, పలకను చూశాడు, తలుపు సందులోంచి అరుగు మీది ఆడవాళ్ళను చూశాడు.

"బండి దారికడ్డంగా పెట్టాను. అంబులెన్సు వస్తే ఇబ్బంది. జరిపి ఇప్పుడే వస్తాను."

వెళ్ళాడు. మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు వినిపించింది. గేటు దాటింది. వంతెన దాటింది. ఆ తర్వాత చేప ఉండల బండి మీద నూనె చిటపటలు తప్ప ఏమీ వినిపించలేదు.

"మెంబరు గారు అంత తొందరగా ఎక్కడికో?" అంది అరుగు మీద ఎవరో.

రొవేనా లేచి, గోడ వైపు తిరిగి, నడుం దగ్గర గౌను పక్కకు లాగింది. "సూది వెయ్యండి డాక్టరు గారూ."

లెతీసియా కాగితం ముందు పెట్టుకుని తటపటాయించింది. "వేస్తాను. నాకూ వెయ్యాలనే ఉంది. కానీ నీ పరీక్షలో ఏమీ లేదు, వాడు రక్తం ఇవ్వలేదు. ఎందుకు వేశావని పైవాళ్ళు అడిగితే కారణం ఏం రాయను?"

"పారిపోయాడని రాయండి. ఏమీ లేనివాడైతే చెయ్యి చాపేవాడు."

లెతీసియా మందు సీసా తీసి కుదిపింది. సూది కండలోకి దిగినప్పుడు భరించలేని నొప్పి పుట్టింది. రొవేనా పళ్ళు బిగించి బల్ల అంచు పట్టుకుంది. ఆ చేతి మీద ఇంకో చెయ్యి పడింది, గట్టిపడిన వేళ్ళతో.

లెతీసియా కలం తీసింది. "పారిపోయిన వ్యక్తి పేరు అర్నుల్ఫో అని రాస్తే చాలా?"

"చాలదు," అంది చోలింగ్. "ఇంటిపేరుతో సహా రాయి. తండ్రి పేరు కూడా రాయి."